వరస కలిసిన పాటలు

ఫిబ్రవరి 9

గిలకమ్మకు మామయ్య రాయునది.

ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, నా మోకాళ్ళూ బాగానే ఉన్నాం. మోకాళ్ళ మాట మాత్రం కొంచెం అబద్ధం. ఈ మధ్య పొద్దుటి ట్రిప్పుకీ తిరుగు ట్రిప్పుకీ నడుమ నాలుగు గంటల ఖాళీ ఇస్తున్నారు. డిపో విశ్రాంతి గదిలో పక్క మంచం మీద ఇంకో డ్రైవరు గురక పెడుతున్నాడు. దానికి తాళం ఉంది, రాగం లేదు. మీ స్టూడియోవాళ్ళేమో గుమ్మంలోనే ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారాయె. నువ్వు ఇంటికి చేరేసరికి నేను నిద్రలో ఉంటాను. అందుకని ఈ ఉత్తరాలే మనకు గతి.

మొన్న బస్సులో జరిగింది చెప్తాను, నవ్వుకో. మీ మ్యూజిక్ మాస్టారి కొత్త పాట, అదే కిటికీ పాట, మా కండక్టరమ్మ రోజుకి ఆరుసార్లు వేస్తోంది. పల్లవి మధ్యలో స్పీకర్లు టక్కున ఆగిపోయాయి. జనం మాత్రం ఆగలేదు, పాడుతూనే ఉన్నారు. రెండో లైనుకొచ్చేసరికి ముందు సీట్లవాళ్ళు కిటికీ పాటలోనే ఉన్నారు, వెనక సీట్లవాళ్ళు తెలియకుండానే నాలుగేళ్ళ నాటి గొడుగు పాటలోకి జారిపోయారు. రెండూ పెద్దగా తగువు పడలేదే. చక్కగా ఒకేచోట ముగిశాయి. అంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వడం. కండక్టరమ్మ టికెట్లు కొట్టడం మర్చిపోయింది.

ముప్పై ఒక్కేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. నా స్పీకర్లలో మోగని పాట లేదు. ఇప్పటి పాటలన్నిటికీ అన్నదమ్ముల వరస అని నేనంటే మీ అత్తయ్య చాదస్తం అనేది. ఇప్పుడు నలభై మంది సాక్షులున్నారు. మీ మాస్టారు కొత్త పాట కట్టలేదమ్మా, పాత పాటకి చొక్కా మార్చాడు.

నువ్వు అక్కడ చేసేది చిన్న పనే అంటావు. పెద్ద పని ఎప్పుడిస్తారో అడుగు.

మీ మామయ్య

*

ఫిబ్రవరి 17

మామయ్యకు,

గాయని రెండు గంటలు ఆలస్యంగా వస్తుందట. ఇంజినీరు కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. పాడే గది అద్దానికి ఇవతల కూర్చుని నీకు రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వాను.

నువ్వనుకున్నంత తేలిక కాదు మామయ్యా. సినిమా తీసేవాళ్ళు ఇక్కడికొచ్చేటప్పుడు ఒక హిట్ పాట చేతిలో పట్టుకునే వస్తారు. సోఫాలో కూర్చుని అది వినిపించి, "ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు" అంటారు. ఆ రెండు మాటలకీ మధ్య ఎంత సందుంటుందో అంత సందులోంచి మేం దూరాలి. దూరడం వచ్చినవాడే మాస్టారు. కొత్తగా ఏదైనా వినిపిస్తే మర్యాదగా తల ఊపి, "బాగుంది, దీన్ని ఇంకోసారి వాడదాం" అంటారు. ఆ ఇంకోసారి ఇంతవరకూ రాలేదు.

అయినా నువ్వు రోజూ ఒకే రోడ్డు మీద బస్సు నడుపుతావు. ఎక్కినవాళ్ళెవరైనా ఇవాళ కొత్త దారిలో పోనివ్వమని అడిగారా? పాటైనా అంతే. తెలిసిన చోటికి తీసుకెళ్తేనే జనం ఎక్కుతారు. అందులో తప్పేం కనపడదు నాకు.

ఒక్క సంగతి. కిటికీ పాట పల్లవిలో రెండో లైను చివర గొంతు ఒక్కసారిగా కిందికి జారుతుంది. గమనించావా? మళ్ళీ ఒకసారి శ్రద్ధగా విని ఎలా ఉందో రాయి. ఎందుకడిగానో తర్వాత చెప్తాను.

మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. అత్తయ్యని అడిగానని చెప్పు.

గిలక

*

ఫిబ్రవరి 24

గిలకమ్మకు,

రోడ్డు మాట బాగా పట్టావు. అత్తయ్యకు చదివి వినిపిస్తే, "అమ్మయ్య, నీకు జవాబు చెప్పేవాళ్ళు ఒకరు పుట్టారు" అంది. కాని నా రోడ్డు మీద దిగేవాళ్ళకి ఎవరి ఇల్లు వాళ్ళకుంది. మీ పాట ఎక్కితే అందరూ ఒకే ఇంటి ముందు దిగుతున్నారు. ఆలోచించుకో.

ఆ జారుడు విన్నాను. నిజం చెప్పమంటావా? పాట మొత్తం మీద నాకు నచ్చనిది అదొక్కటే. సాఫీగా పోతున్న రోడ్డు మీద గొయ్యిలాగా ఉంది. గొడుగు పాటలో అది లేదు, అందుకని సరిగ్గా అక్కడికొచ్చేసరికి మా రెండు జట్లూ తడబడుతున్నాయి. వీలైతే మీ మాస్టారికి చెప్పి తీయించు.

జట్లు అన్నానని తికమక పడకు. ఆ రోజు నుంచీ పొద్దుటి ట్రిప్పులో ఇదొక ఆటైంది. ముందు సీట్లు కిటికీ పాట, వెనక సీట్లు గొడుగు పాట. స్టీరింగు దగ్గర్నుంచి నేను అందుకుంటాను, "ఒకటీ, రెండూ" అంటాను, మొదలు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి మొన్న ఫోన్లో వీడియో తీసింది. "మీకింత సంగీతజ్ఞానం ఎక్కడిదండీ" అని అడిగితే, "మా మేనకోడలు ఆ మాస్టారి దగ్గరే పని చేస్తుంది" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. అదీ వీడియోలో వచ్చిందట. నాది నంబర్లు నొక్కే ఫోనాయె, నేను చూడలేదు. చాలామంది చూస్తున్నారని కండక్టరమ్మ చెప్పింది.

నీ పేరు చెప్పలేదులే. చెప్పాల్సింది.

మామయ్య

*

మార్చి 5

మామయ్యకు,

బస్సులో ఆ ఆట ఆపేయి. నేనెక్కడ పని చేస్తానో, ఎవరి దగ్గర చేస్తానో ఇంక ఎవరికీ చెప్పకు. నేను బాగానే ఉన్నాను. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయడం కుదరకపోవచ్చు.

అమ్మకి ఏమీ చెప్పకు.

గిలక

*

మార్చి 11

గిలకమ్మకు,

నీ నాలుగు లైన్లూ అందాయి. ఆట ఆ రోజే ఆపేశాను. జనం అడిగారు. గొంతు బాగాలేదన్నాను.

రెండు రోజులు ఆలోచించాను. నాకు అర్థమైంది ఇది. అక్కడ పెద్దపెద్దవాళ్ళ మధ్య తిరిగే పిల్లవి. బస్సు డ్రైవరు మేనమామ అని నలుగురికీ తెలియడం నీకు ఇబ్బందిగా ఉంది. ఉండొచ్చు. నేను తప్పు పట్టను. నీకు మూడేళ్ళప్పుడు గిన్నె మీద గరిటెతో గంటల తరబడి వాయిస్తుంటే ఇల్లంతా చెవులు మూసుకుంది. గిలక అని పేరు పెట్టి ఎత్తుకు తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ చనువుతో చెప్పుకున్నాను. ఇక చెప్పుకోను.

మీ అమ్మ నిన్న వచ్చి వెళ్ళింది. నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి నాకేమైనా తెలిస్తే కదా.

ఆరోగ్యం జాగ్రత్త.

మామయ్య

*

మార్చి 16

మామయ్యా,

నేను నిన్ను చూసి సిగ్గుపడ్డానని నువ్వెలా అనుకున్నావు? నా తప్పే. నాలుగు లైన్లు రాస్తే నువ్వు మాత్రం ఏమనుకుంటావు. అన్నీ చెప్తాను, విను.

కిటికీ పాట వరస మాస్టారిది కాదు. నేను కట్టాను. ఆ పాట మీద ఆయన పేరొక్కటే ఉంటుంది, అది ఇక్కడి పద్ధతి. నువ్వు వింటే, బాగుందంటే, అప్పుడు అది నాదని చెబుదామని దాచిపెట్టుకున్నాను. నువ్వు మొదటి ఉత్తరంలోనే చొక్కా మార్చారన్నావు. పోనీలే అని ఆ జారుడు గురించి అడిగాను. అది నేను ఎక్కడా వినకుండా, ఎవరూ చెప్పకుండా నా అంతట నేను పెట్టినది. పాట మొత్తంలో నాది అన్నది అదొక్కటే. నువ్వు దాన్ని గొయ్యి అన్నావు.

ఇక వీడియో. మాస్టారు నన్ను గదిలోకి పిలిచి మొదటి నుంచి చివరి దాకా చూపించారు.

"మీ మామయ్యేనా?" అన్నారు.

అవునన్నాను.

"బాగా పాడతారు" అన్నారు. అంతే. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు.

నాలుగు రోజుల తర్వాత గొడుగు పాట కట్టినాయన సంగీతకారుల సంఘంలో ఫిర్యాదు చేశారు. తన వరస ఎత్తుకుపోయారని. దానికి జతగా మీ బస్సు వీడియో పెట్టారు. వెంటనే మాస్టారు సంఘానికి ఉత్తరం రాసిచ్చేశారు. ఆ వరస తనది కాదు, అసిస్టెంటు కట్టింది, నమ్మి వాడుకున్నాను అని. కింద సంతకం, ముద్ర. మూడేళ్ళలో నా పేరు ఆయన ఒక కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ రెండున విచారణ. తప్పు నాదని తేలితే నా సభ్యత్వం కార్డు తీసేస్తారు. కార్డు లేకపోతే ఏ స్టూడియోలోనూ అడుగు పెట్టనివ్వరు.

నీకు అన్నీ తెలిసే నన్ను ఎగతాళి చేశావని కోపం వచ్చింది. తెలిసే అవకాశమే నేనివ్వలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

గిలక

*

మార్చి 21

గిలకమ్మా,

ముందు నా మార్చి పదకొండు ఉత్తరం చింపేయి. చింపేశానని రాస్తే తప్ప నాకు మనసు కుదుటపడదు.

నా నోటి దురద నీ మెడకు చుట్టుకుంది. దానికి క్షమించమని ఉత్తి మాట చెప్తే సరిపోదు కాబట్టి పనిలోకి దిగాను. కండక్టరమ్మా నేనూ మూడు రోజులు కూర్చుని ఆమె పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాటలన్నీ వడపోశాం. ఆమె గొడుగు పాట పాడటం, నేను దాని మీద ఇంకో పాట పాడటం. విశ్రాంతి గదిలో గురక పెట్టే డ్రైవరు లేచి కూర్చుని తీర్పరి అయ్యాడు. పదకొండు పాటలు తేలాయి. ఏ పాట ఏ ఏడు వచ్చిందో, ఎక్కడ కలుస్తుందో వేరే కాగితం మీద రాసి దీంతో పెట్టాను. గొడుగు పాటకి ముందే వచ్చినవి అందులో ఏడున్నాయి.

అన్నిటికన్నా పాతది పడవ పాట. ఆ పేరు చూసి నువ్వు గుర్తుపట్టే ఉంటావు. పెళ్ళైన కొత్తలో మీ అత్తయ్యకు నేను పాడి వినిపించిన పాట. లోకంలో అలాంటిది ఇంకోటి లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పటి పాటలన్నీ ఒకటేనని ముప్పై ఏళ్ళుగా తిడుతున్నవాణ్ణి, అప్పటివీ అంతేనని తెలిసేసరికి ఆ పూట తిండి సహించలేదు. అత్తయ్యతో చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే, "నాకప్పుడే తెలుసు. ఆ వరస మా నాన్న ఈల వేసేవాడు, నీ పాట పుట్టకముందే" అంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు బాగా పాడుతున్నావు కదా, మధ్యలో ఎందుకని" అంది.

ఈ కాగితం పట్టుకెళ్ళు. అది ఎవడి సొత్తూ కాదని పదకొండు సాక్ష్యాలున్నాయి. నువ్వు గొడుగు పాట ముందే విన్నావా అని అడిగితే గుర్తులేదను. చాలు. మిగతాది కాగితం చూసుకుంటుంది.

జారుడు సంగతి మళ్ళీ విన్నాను. ఇంకా నచ్చలేదు. కాని అది నీదని తెలిశాక, ఆ చోటు వచ్చే ముందు నా చెవి దానంతటదే సర్దుకుని కూర్చుంటోంది. దాన్నేమంటారో నాకు తెలియదు.

మామయ్య

*

ఏప్రిల్ 4

మామయ్యకు,

చింపేశాను. ముక్కలు కూడా పారేశాను.

మొన్న విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంఘం ఆఫీసు మేడ మీద గది. పొడుగాటి బల్ల, దానికి అటు ముగ్గురు పెద్దలు, గోడకి ఒక పాత స్పీకరు. మాస్టారు రాలేదు, మేనేజర్ని పంపారు. ఫిర్యాదు చేసినాయన వచ్చారు. నేను ఎవరో పొగరుబోతు మనిషిని ఊహించుకున్నాను. సన్నగా, పొడుగ్గా ఉన్నారు, చొక్కా జేబులో రెండు కళ్ళజోళ్ళు. ఎక్కువగా వ్యాపార ప్రకటనలకి వరసలు కడతారట. సినిమాలో ఆయనకు దక్కిన పెద్ద పాట గొడుగు పాట ఒక్కటే. అది నాకు అప్పటిదాకా తెలియదు.

నీ కాగితం నా సంచిలో ఉంది. సంఘం కార్యదర్శి, "ఈ వరస కట్టేముందు గొడుగు పాట విన్నావా అమ్మా?" అని అడిగారు.

గుర్తులేదని చెప్పడానికి నోరు తెరిచాను. గొడుగు పాటాయన నా ఎదురుగానే ఉన్నారు మామయ్యా. నా జవాబు కోసం ఒక కళ్ళజోడు తీసి ఇంకోటి పెట్టుకుంటున్నారు. చెప్పలేకపోయాను.

"విన్నాను. ముందు రోజు పదిసార్లకు పైనే విన్నాను. మాస్టారు ఇచ్చారు. ఇలాగే ఉండాలి, ఇది కాకూడదు అన్నారు. మూడు చోట్ల మార్చాను, ఒకచోట నా సొంతంగా పెట్టాను. మిగతాదంతా వీరి గొడుగు పాటే" అన్నాను.

మేనేజరు లేచి అలాంటి మాటే మాస్టారు అనలేదన్నాడు. కూర్చోమన్నారు. అప్పుడు నీ కాగితం కూడా తీసి బల్ల మీద పెట్టి, "ఇదీ నిజమే. మా మామయ్య బస్సు డ్రైవరు. రోజంతా పాటలు వింటారు. ఆయన పట్టుకున్నారు" అన్నాను. వాళ్ళు కాగితం చేతులు మార్చుకుంటూ చదివారు. ఒకాయన బల్ల మీద తాళం వేసుకుంటూ గొణుక్కుని, "అవునే" అన్నారు. తర్వాత పడవ పాట వేయించారు.

ఫిర్యాదు చేసినాయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. "ఈ రికార్డు మా ఇంట్లో ఉండేది" అన్నారు. "మా అమ్మ పెట్టేది. గొడుగు పాట కట్టినప్పుడు ఇది నా తలలో లేదు. లోపలెక్కడో ఉండి ఉంటుంది, కాదని ఎలా చెప్పను?"

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా?" అని కార్యదర్శి అడిగారు.

"తీసుకోను. నేను మర్చిపోయి చేశాను. ఈ అమ్మాయి గుర్తుపెట్టుకుని చేసింది. ఆ రెండూ ఒకటి కావు" అన్నారు. నా వైపు తిరిగి, "కాని నిజం చెప్పావు చూడు" అని, పెద్దలతో, "అదీ రాసుకోండి" అన్నారు.

అరగంట బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. కిటికీ పాట మీద ఇకనుంచి ఆయన పేరు ముందు, నా పేరు తర్వాత. నాకు గట్టిగా ఒక హెచ్చరిక, కార్డు మాత్రం ఉంచారు. ఇక మాస్టారి పేరు. ఆ వరస తనది కాదని స్వయంగా సంతకం పెట్టి ఇచ్చారు కదా, ఆ సంతకం ప్రకారమే ఆయన పేరు పాట మీద నుంచి తీసేశారు. మేనేజరు ఆ ఉత్తరాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చదువుకున్నాడు. ఎలా చదివినా అదే ఉంది.

నిన్న మాస్టారు కబురు పంపారు, జరిగింది మర్చిపోయి పనిలోకి రమ్మని. రానన్నాను. భయం వేయలేదా అంటే వేసింది. రానన్నాక పోయింది.

ప్రస్తుతానికి ఈత కొలనులో కీబోర్డు వాయించే పని దొరికింది. పెద్దవాళ్ళు నీళ్ళలో నిలబడి వ్యాయామం చేస్తుంటే వాళ్ళ కదలికకి తగ్గట్టు వాయించాలి. వాళ్ళకి హిట్ పాటే ఉండాలన్న పట్టింపేమీ లేదు. చెయ్యి ఎత్తడానికీ దించడానికీ సమయం ఇస్తే చాలు. నాకు తోచింది వాయించుకుంటున్నాను. ఒక వరస నిలబడుతున్నట్టే ఉంది. పూర్తయితే పంపిస్తాను.

నీ కాగితం కార్యదర్శి దాచుకుంటానని తీసుకున్నారు. నీ చేతిరాత దారుణంగా ఉందన్నారు.

గిలక

*

మే 30

గిలకమ్మకు,

పెన్‌డ్రైవ్ అందింది. నా అభిప్రాయం వెంటనే రాయలేదని కంగారు పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. కావాలనే రాయలేదు. నాకు బుద్ధొచ్చింది. ఒక్కసారి విని మాట్లాడేయడం మానేశాను.

మొదటి రోజు పొద్దుటి ట్రిప్పులో వేయించాను. ఒక్కరూ పాడలేదు. ఒకాయన, "స్పీకరు పాడైందా" అని అడిగాడు. నాకూ తల తిరిగింది. మలుపు ఎంత దూరంలో ఉందో నాకు ముందే తెలిసిపోతుంది, అది నా వృత్తి. నీ పాటలో ఒక్క మలుపూ ముందు తెలియలేదు. రెండో రోజు ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజూ అంతే. కండక్టరమ్మ, "ఇంక ఆపేద్దామా" అంది. వద్దన్నాను. కిటికీ పాటని రోజుకి ఆరుసార్లు వేసినప్పుడు లేని జాలి దీని మీద ఎందుకన్నాను. వారం వేయించాను. రెండో చరణం సాగుతోంది, అది నువ్వు చూసుకోవాలి. మిగతాదానికి నేను పేరు పెట్టలేను.

మూడో స్టాపులో గోడలకి రంగులేసే ఒకాయన ఎక్కుతాడు, బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని నా వెనక సీట్లో కూర్చుంటాడు. నిన్న స్పీకర్లు వేయకముందే ఆయన ఈల వేస్తున్నాడు. ఏదో తెలిసిన వరసలా ఉందే అనుకున్నాను. నీ పాట. మొదటి లైను సరిగ్గానే పట్టాడు, రెండోదీ పట్టాడు. మూడో లైను చివర ఏ పాటైనా పల్లవిలోకి వచ్చేస్తుంది కదా, ఆయన ఈల కూడా అలవాటుగా వెనక్కి తిరిగి వచ్చేసింది.

సిగ్నలు దగ్గర ఆగాను. వెనక్కి తిరిగి, "అక్కడ వెనక్కి రాకూడదయ్యా. ముందుకెళ్ళాలి" అన్నాను.

"ముందుకా?"

"ముందుకే. నాలుగు స్వరాలున్నాయి ఇంకా."

ఆయన మళ్ళీ వేశాడు, మళ్ళీ వెనక్కే వచ్చాడు. మూడోసారి మూడో లైను చివర గాలి బిగబట్టి ఒక్క క్షణం ఆగాడు. పచ్చలైటు పడింది, వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. నేను కదల్లేదు. ఆయన ఆ నాలుగు స్వరాలూ ఒక్కొక్కటే వెతుక్కుంటూ అవతలికి వెళ్ళిపోయాడు. అప్పుడు గేరు వేశాను.

మామయ్య